స్కూల్స్ ఇంటరాపరబిలిటీ ఫ్రేమ్‌వర్క్

స్కూల్స్ ఇంటరాపరబిలిటీ ఫ్రేమ్‌వర్క్ అనునది పాఠశాలలలో వాడే వేర్వేరు సాఫ్టువేర్లు విద్యార్థులు, ఉపాధ్యాయులు, తరగతులు, హాజరు, మార్కులు మొదలైన సమాచారాన్ని ఒకదానితో ఒకటి పంచుకొనుటకు ఏర్పరచిన ఒక బహిరంగ ప్రమాణం. దీనిని పొట్టిగా సిఫ్ అని వ్యవహరిస్తారు. ఇది 1990 దశకం చివరిలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మొదలై, తరువాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలకు విస్తరించినది. సిఫ్ అనేది ఒక సాఫ్టువేరు కాదు. సాఫ్టువేరు తయారుచేసేవారు పాటించవలసిన నియమాల సంపుటి మాత్రమే. ఈ నియమాలలో రెండు భాగాలున్నవి. సమాచారాన్ని ఏ రూపంలో వ్రాయాలో చెప్పేది మొదటి భాగం. అలా వ్రాసిన సమాచారాన్ని ఒక సాఫ్టువేరు నుండి మరొక సాఫ్టువేరుకు ఎలా చేరవేయాలో చెప్పేది రెండవ భాగం.

నేపథ్యం

అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలను స్థానిక పాఠశాల జిల్లాలు నడుపుతాయి. ఒక్కొక్క జిల్లా క్రింద కొన్ని పాఠశాలలు ఉంటాయి. 1980, 1990 దశకాలలో ఈ జిల్లాలు తమ అవసరాన్ని బట్టి ఒక్కొక్క పనికి ఒక్కొక్క సాఫ్టువేరును, వేర్వేరు కంపెనీల నుండి, వేర్వేరు కాలాలలో కొనుగోలు చేసినవి. విద్యార్థుల ప్రవేశాలకు, హాజరుకు ఒకటి, గ్రంథాలయానికి ఒకటి, భోజనశాల లెక్కలకు ఒకటి, బస్సు మార్గాలకు ఒకటి, మార్కుల పట్టికకు ఒకటి, ఆరోగ్య వివరాలకు మరొకటి ఉండేవి. ఇవన్నీ ఒకే పిల్లల గురించిన వివరాలనే దాచుకొన్నా, ఒకదాని వివరాలు మరొకదానికి తెలిసేవి కావు.

దీనివలన మూడు రకాల ఇబ్బందులు కలిగేవి.

* ఒకే పనిని పలుమార్లు చేయుట: కొత్తగా చేరిన విద్యార్థి పేరు, చిరునామా కార్యాలయంలో ఒకసారి, గ్రంథాలయంలో ఒకసారి, భోజనశాలలో ఒకసారి టైపు చేయవలసి వచ్చేది.
* వివరాలు సరిపోలకపోవుట: టైపు చేసిన ప్రతిసారీ తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. ఒకచోట సరిదిద్దిన తప్పు మరొకచోట అలాగే మిగిలిపోతుంది.
* ఆలస్యం: కుటుంబం ఇల్లు మారిన సంగతి కార్యాలయానికి తెలిసిన రోజులకు గానీ బస్సు విభాగానికి తెలిసేది కాదు.

ఇవి కేవలం గుమాస్తాల శ్రమకు సంబంధించిన విషయాలు కావు. వేరుశనగ పప్పు పడని పిల్లవాని సంగతి ఆరోగ్య దస్త్రంలో ఉండి, వంటశాల జాబితాలో లేకపోతే ప్రాణాపాయం కలుగవచ్చును. విడిపోయిన తల్లిదండ్రులలో పిల్లను ఎవరి వెంట పంపవచ్చునో న్యాయస్థానం చెప్పిన మాట కార్యాలయంలో నమోదై ఉండి, సాయంకాలం పిల్లలను అప్పగించే వారికి తెలియకపోవుట కూడా అటువంటిదే. ఉచిత భోజనానికి అర్హత గల పిల్లవాడు పాఠశాల మారినప్పుడు, ఆ అర్హత వివరం వెంట రాకపోతే, అందరి ముందు డబ్బు అడిగించుకోవలసి వస్తుంది.

జంటల వారీ అనుసంధానం

ఈ ఇబ్బందిని తొలగించుటకు తొలుత తోచే మార్గం రెండేసి సాఫ్టువేర్లను నేరుగా కలుపుట. సాఫ్టువేర్ల సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు ఈ మార్గం సరిపోతుంది. కానీ ప్రతి సాఫ్టువేరును మిగిలిన అన్నిటితో కలపాలంటే అనుసంధానాల సంఖ్య త్వరగా పెరుగుతుంది. 4 సాఫ్టువేర్లకు 6 అనుసంధానాలు కావాలి. 10 సాఫ్టువేర్లకు 45 కావాలి. వీటిలో ఒక కంపెనీ తన సాఫ్టువేరును మార్చినా, దానితో ముడిపడిన 9 అనుసంధానాలను మళ్ళీ సరిచూడవలసి వస్తుంది. అదే మధ్యలో ఒక కేంద్రాన్ని ఉంచి, అందరికీ తెలిసిన ఒకే భాషలో మాట్లాడే ఏర్పాటు చేస్తే 10 సాఫ్టువేర్లకు 10 అనుసంధానాలు చాలును. సిఫ్ ఈ రెండవ పద్ధతిని అనుసరించినది.

జంటల వారీ పద్ధతిలో మరొక చిక్కు కలదు. అనుసంధానం కోసం పెట్టిన ఖర్చంతా ఒక కంపెనీ సాఫ్టువేరుకే ముడిపడి ఉండుటచే, ఆ సాఫ్టువేరు నచ్చకపోయినా పాఠశాల దానిని వదులుకోలేకపోతుంది. అందరికీ తెలిసిన రూపంలో సమాచారం ఉన్నప్పుడు, ఒక సాఫ్టువేరును తీసివేసి దాని స్థానంలో మరొకదానిని తెచ్చుకొనుట సులభమవుతుంది.

ఉమ్మడి రూపం అంటే ఏమిటి

రెండు సాఫ్టువేర్లు సమాచారాన్ని పంచుకోవాలంటే మూడు అంశాలలో వాటికి ఒప్పందం కుదరాలి.

మొదటిది అక్షరాలు. ఏ అక్షరానికి ఏ సంఖ్యను వాడుతున్నామో ఇద్దరికీ ఒకటే అయి ఉండాలి. దీనికొరకు నేడు యూనికోడ్ వాడుకలో ఉన్నది.

రెండవది అమరిక. పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నది, దాని తరువాత ఏమి వస్తున్నది అనే విషయాలు స్పష్టంగా ఉండాలి. కామాలతో విడదీసిన సిఎస్‌వి ఫైళ్ళు, ఎక్స్ఎంఎల్, జేసన్ ఇందుకు వాడే రూపాలు. వీటిలో ఎక్స్ఎంఎల్‌ను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1998 ఫిబ్రవరిలో ప్రమాణంగా ప్రకటించినది. సిఫ్ మొదటినుండి దీనినే వాడినది.

మూడవది అర్థం. ఒప్పందం కుదరడం అన్నిటికంటే కష్టమైనది ఇక్కడే. 03/04/2010 అని వ్రాసి ఉంటే భారతదేశంలో, బ్రిటన్‌లో ఏప్రిల్ 3 అని చదువుతారు. అమెరికాలో మార్చి 4 అని చదువుతారు. ఫైలు తెరుచుకొన్నది, అక్షరాలు సరిగా కనిపించినవి, అయినా పుట్టినరోజు మారిపోయినది. అలాగే "హాజరు కాలేదు" అంటే పూట మొత్తమా, ఒక పీరియడు మాత్రమేనా? సెలవు చీటీ ఇచ్చి మానిన రోజు కూడా అందులోకి వస్తుందా? ఇటువంటి ప్రశ్నలకు ముందుగానే జవాబు వ్రాసిపెట్టుట ప్రమాణం యొక్క ముఖ్యమైన పని.

ఈ నియమాలను ఎవరైనా చదువుకొనుటకు, తమ సాఫ్టువేరులో వాడుకొనుటకు వీలుగా ప్రచురించినప్పుడు దానిని బహిరంగ ప్రమాణం అంటారు. బహిరంగ ప్రమాణం, ఓపెన్ సోర్సు సాఫ్టువేరు ఒకటి కావు. మూలసంకేతాన్ని రహస్యంగా ఉంచే కంపెనీ కూడా బహిరంగ ప్రమాణాన్ని పాటించవచ్చును.

ఎక్స్ఎంఎల్‌లో గుర్తుల పేర్లను యూనికోడ్ లోని ఏ భాషలోనైనా వ్రాయవచ్చును. అసలు సిఫ్‌లో గుర్తులు ఆంగ్లంలో ఉంటాయి. అమరిక ఎలా ఉంటుందో తెలుపుటకు తెలుగులో వ్రాసిన ఒక నమూనాను క్రింద చూడవచ్చును.

<విద్యార్థి>
  <పేరు>
    <ఇంటిపేరు>కొండపల్లి</ఇంటిపేరు>
    <వ్యక్తిపేరు>సుజాత</వ్యక్తిపేరు>
  </పేరు>
  <పుట్టినతేది>2014-06-21</పుట్టినతేది>
  <తరగతి>06</తరగతి>
</విద్యార్థి>

ఇందులో తేదీని సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో వ్రాయుట గమనించవచ్చును. ఈ క్రమం అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 లోనిది. దీనిని రెండు విధాలుగా చదివే వీలు లేదు.

చరిత్ర

సిఫ్‌కు 1997లో మైక్రోసాఫ్ట్ కంపెనీ చొరవతో బీజం పడినది. పాఠశాలలకు సాఫ్టువేర్లు అమ్మే పలు కంపెనీలు, వాటిలో పరస్పరం పోటీ పడేవి కూడా, ఈ ప్రయత్నంలో చేరినవి. ప్రారంభ సంవత్సరాలలో ఇది సాఫ్ట్‌వేర్ అండ్ ఇన్ఫర్మేషన్ ఇండస్ట్రీ అసోసియేషన్ అనే వర్తక సంఘం ఆధ్వర్యంలో సాగినది. 1999 వేసవిలో కొన్ని పాఠశాల జిల్లాలలో ప్రయోగాత్మకంగా అమలు చేయబడినది. 2000లో ఈ ప్రమాణాన్ని పాటించే సాఫ్టువేర్లు మార్కెట్టులోకి వచ్చినవి.

అప్పటికే అమెరికాలో విద్యా సమాచారాన్ని మార్చుకొనుటకు మరొక పద్ధతి ఉండేది. వర్తక సంస్థలు ఇన్వాయిసులు, కొనుగోలు పత్రాలు పంపుకొనుటకు వాడే ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌ఛేంజ్ పద్ధతిలోనే విద్యార్థి మార్కుల పత్రానికి కూడా 130 అనే సంఖ్యతో ఒక రూపం ఉన్నది. పాఠశాల నుండి కళాశాలకు మార్కుల పత్రాన్ని ఒకసారి పంపుటకు అది తగినదే. కానీ ఒక పాఠశాలలో రోజంతా జరిగే చిన్న చిన్న మార్పులను వెంటనే అన్ని విభాగాలకు తెలుపుటకు అది ఉద్దేశించినది కాదు. 2000 ప్రాంతంలో ఈ రెండు పద్ధతుల మధ్య పోటీ ఉన్నా, రెండు మూడేళ్ళలో పాఠశాలల లోపలి అవసరాలకు సిఫ్ ముందంజ వేసినది.

ఇదే కాలంలో అమెరికా చట్టాలలో వచ్చిన మార్పులు కూడా దీనికి తోడైనవి. 2002 జనవరిలో సంతకమైన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం, పరీక్షా ఫలితాలను విద్యార్థి వర్గాల వారీగా ప్రకటించాలని రాష్ట్రాలను ఆదేశించినది. దీనితో జిల్లాల నుండి రాష్ట్రానికి పెద్ద ఎత్తున లెక్కలు పంపవలసి వచ్చినది. విద్యార్థుల వివరాలను ఏళ్ళ తరబడి అనుసరించే రాష్ట్రస్థాయి వ్యవస్థలు నిర్మించుటకు ఫెడరల్ ప్రభుత్వం 2005 నుండి రాష్ట్రాలకు గ్రాంట్లు ఇచ్చుట మొదలుపెట్టినది. పాఠశాల లోపల సాఫ్టువేర్లను కలుపుటను సమాంతర అనుసంధానమని, పాఠశాల నుండి జిల్లాకు, జిల్లా నుండి రాష్ట్రానికి పంపుటను నిలువు అనుసంధానమని వ్యవహరించసాగిరి. సిఫ్ ఈ రెండింటికీ ఉపయోగపడినది.

సిఫ్ అసోసియేషన్ 2015లో యాక్సెస్ 4 లర్నింగ్ కమ్యూనిటీ అని పేరు మార్చుకొన్నది.

పని చేయు విధానం

సిఫ్ 2 వరుసకు చెందిన రూపాంతరాలలో ముఖ్యమైన భాగాలు ఇవి.

* జోన్: ఒకదానితో ఒకటి సమాచారం పంచుకొనే సాఫ్టువేర్ల సమూహం. ఒక పాఠశాల ఒక జోన్ కావచ్చును, ఒక జిల్లా మొత్తం ఒక జోన్ కావచ్చును.
* ఏజెంట్: ప్రతి సాఫ్టువేరుకు ఉండే దుబాసి. తన సాఫ్టువేరు సొంత పద్ధతిలో దాచుకొన్న వివరాలను సిఫ్ రూపంలోకి, సిఫ్ రూపంలో వచ్చిన వాటిని తన పద్ధతిలోకి మారుస్తుంది.
* జోన్ ఇంటిగ్రేషన్ సర్వరు: జోన్ మధ్యలో ఉండే కేంద్రం. ఏజెంట్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడవు. అన్ని సందేశాలు ఈ సర్వరు ద్వారానే వెళతాయి. ఏ ఏజెంటుకు ఏ వివరాలు చూసే హక్కు ఉన్నదో, ఏ వివరాలు మార్చే హక్కు ఉన్నదో ఈ సర్వరులో నమోదై ఉంటుంది.
* వస్తువు: విద్యార్థి వ్యక్తిగత వివరాలు, పాఠశాల వివరాలు, పాఠశాలలో నమోదు, సిబ్బంది వివరాలు మొదలైన ఒక్కొక్క రకపు దత్తాంశానికి ఒక్కొక్క నిర్దిష్ట రూపం కలదు. దీనిని వస్తువు అంటారు.

ప్రతి వస్తువుకు 32 గుర్తులు గల ఒక సంఖ్య ఉంటుంది. ఇది షోడశ సంఖ్యామానంలో ఉంటుంది. ఈ సంఖ్యకు అర్థమేమీ లేదు. అందులో ఊరి పేరు గానీ, పుట్టిన సంవత్సరం గానీ, పాఠశాల సంకేతం గానీ ఉండవు. విద్యార్థి ఇల్లు మారినా, పేరు మారినా ఈ సంఖ్యను మార్చవలసిన పని లేకపోవుటకే ఇలా ఏర్పాటు చేసినారు.

ఏజెంట్ల మధ్య నడిచే సందేశాలు ముఖ్యంగా రెండు రకాలు. ఏదైనా ఒక వివరం కొత్తగా చేరినా, మారినా, తొలగినా ఆ సంగతిని ప్రకటించే సందేశాన్ని ఈవెంట్ అంటారు. ఆ రకపు వస్తువు కొరకు ముందుగా చందాదారులుగా చేరిన ఏజెంట్లకు మాత్రమే ఈ ప్రకటన అందుతుంది. తనకు కావలసిన వివరాలను అడిగే సందేశాన్ని రిక్వెస్ట్ అంటారు. దానికి జవాబు చెప్పే బాధ్యత ఆ వస్తువుకు ప్రదాతగా నమోదైన ఏజెంటుది. ఒక వస్తువుకు అధికారిక ప్రదాత ఎవరో ముందే నిర్ణయమై ఉండుట వలన, రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే ఏది నిజమని తీసుకోవాలనే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఉదాహరణ

విద్యాసంవత్సరం మధ్యలో ఒక బాలిక వేరే ఊరి నుండి వచ్చి ఆరవ తరగతిలో చేరినదని అనుకొందాం. అప్పుడు ఈ క్రింది విధంగా జరుగుతుంది.

# కార్యాలయ గుమాస్తా ప్రవేశాల సాఫ్టువేరులో ఆమె వివరాలను ఒకసారి నమోదు చేస్తారు.
# ఆ సాఫ్టువేరు ఏజెంటు "కొత్త విద్యార్థి చేరినది" అనే ఈవెంటును తయారుచేసి సర్వరుకు పంపుతుంది.
# సర్వరు ఆ ఏజెంటుకు ఇటువంటి ప్రకటన చేసే హక్కు ఉన్నదో లేదో సరిచూస్తుంది.
# విద్యార్థి వివరాలకు చందాదారులైన గ్రంథాలయ, భోజనశాల, బస్సు ఏజెంట్లకు సర్వరు ఆ సందేశాన్ని చేరవేస్తుంది.
# గ్రంథాలయ సాఫ్టువేరు ఆమె పేరున ఖాతా తెరుస్తుంది. భోజనశాల సాఫ్టువేరు ఆమె పేరును జాబితాలో చేర్చుకొంటుంది. బస్సు సాఫ్టువేరు ఆమె చిరునామాకు దగ్గరలోని స్టాపును వెదుకుతుంది.

ఆ సమయంలో గ్రంథాలయ కంప్యూటరు ఆపివేసి ఉన్నదనుకొందాం. సర్వరు ఆ సందేశాన్ని పారవేయదు. గ్రంథాలయ ఏజెంటు పేరున ఉన్న వరుసలో దానిని దాచి, కంప్యూటరు మళ్ళీ పని మొదలుపెట్టిన తరువాత అందజేస్తుంది. ఏజెంటు అందినట్లు జవాబు చెప్పిన తరువాతనే సందేశం వరుస నుండి తొలగుతుంది.

3వ రూపాంతరం

సిఫ్ 3వ రూపాంతరంలో సమాచార రవాణా పద్ధతిని చాలావరకు కొత్తగా వ్రాసినారు. వెబ్ సైట్లు, మొబైల్ అప్లికేషన్లు వాడే రెస్ట్ అనే శైలిని ఇందులో అనుసరించినారు. మధ్యలో కేంద్రం ఉండే పద్ధతితో పాటు, రెండు సాఫ్టువేర్లు నేరుగా మాట్లాడుకొనే పద్ధతిని కూడా అనుమతించినారు. సమాచార రవాణా నియమాలు అన్ని దేశాలకు ఉమ్మడిగా ఉండి, దత్తాంశాల నమూనా మాత్రం ఆయా దేశాల విద్యావిధానానికి తగినట్లు వేరుగా ఉంటుంది.

వివిధ దేశాలలో

అమెరికా: ఒక్లహామా, వయోమింగ్ వంటి రాష్ట్రాలు జిల్లాల నుండి సమాచారం సేకరించుటకు రాష్ట్రస్థాయిలో సిఫ్‌ను వాడినవి.

బ్రిటన్: ప్రభుత్వ సంస్థ బెక్టా సిఫ్‌ను ప్రోత్సహించినది. పాఠశాలలకే పరిమితం కాదని తెలుపుటకు అక్కడ దీనిని 2008 నుండి సిస్టమ్స్ ఇంటరాపరబిలిటీ ఫ్రేమ్‌వర్క్ అని పిలిచినారు. 2010లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం బెక్టాను రద్దు చేయుటకు నిర్ణయించగా, 2011లో అది మూతపడినది. అయితే ఇంగ్లండులో విద్యార్థి పాఠశాల మారినప్పుడు వివరాలను పంపుటకు కామన్ ట్రాన్స్‌ఫర్ ఫైల్ అనే వేరొక ఎక్స్ఎంఎల్ రూపం ఉన్నది. ప్రతి విద్యార్థికి 13 గుర్తుల ప్రత్యేక సంఖ్య ఉంటుంది. విద్యార్థి పేరు రిజిస్టరు నుండి తొలగిన 15 పాఠశాల దినాలలోగా ఈ ఫైలును కొత్త పాఠశాలకు పంపాలని నిబంధన కలదు.

ఆస్ట్రేలియా: ఇక్కడ విద్య రాష్ట్రాల పరిధిలోనిది. ప్రభుత్వ, క్యాథలిక్, స్వతంత్ర పాఠశాలల వ్యవస్థలు వేర్వేరుగా ఉన్నవి. ఇవన్నీ కలిసి 2010లో నేషనల్ స్కూల్స్ ఇంటరాపరబిలిటీ ప్రోగ్రామ్‌ను ఏర్పాటు చేసుకొని, సిఫ్‌కు ఆస్ట్రేలియా నమూనాను అభివృద్ధి చేసినవి. 2008లో మొదలైన నాప్లాన్ అనే జాతీయ పరీక్ష 2018 నుండి 2022 వరకు క్రమంగా కంప్యూటరు పరీక్షగా మారినది. దాని విద్యార్థుల నమోదుకు, ఫలితాల పంపిణీకి ఈ నమూనా ఆధారమైనది.

భారతదేశంలో

భారతదేశంలో పాఠశాలల సమాచార సేకరణ వేరొక దారిలో నడచినది. 1994-95లో జిల్లా ప్రాథమిక విద్యా పథకంలో భాగంగా డైస్ అనే పద్ధతి మొదలైనది. 2012-13 నుండి ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల లెక్కలను కలిపి యుడైస్‌గా మార్చినారు. 2018-19 నుండి అది యుడైస్ ప్లస్ అయినది. మొదట పాఠశాలకు ఇంతమంది అని మొత్తం సంఖ్యలు మాత్రమే సేకరించేవారు. 2022-23 నుండి ఒక్కొక్క విద్యార్థి వివరాలను విడివిడిగా నమోదు చేస్తున్నారు. 2023 నుండి విద్యార్థులకు అపార్ అనే 12 అంకెల సంఖ్య ఇవ్వబడుతున్నది.

కేంద్ర ప్రభుత్వం 2010 నవంబరులో ఈ-గవర్నెన్సుకు బహిరంగ ప్రమాణాల విధానాన్ని ప్రకటించినది. ప్రభుత్వ వ్యవస్థలలో వాడే ప్రమాణాలపై పేటెంటు రుసుము ఉండరాదనుట ఇందులోని ముఖ్య నియమాలలో ఒకటి. 2021 జూలైలో ప్రారంభించిన జాతీయ డిజిటల్ విద్యా నిర్మాణం, అనగా ఎన్‌డియర్, వేర్వేరు సంస్థల విద్యా సాఫ్టువేర్లు ఒకదానితో ఒకటి పనిచేయాలనే ఉద్దేశ్యంతో ఏర్పడినది. 2017లో మొదలైన దీక్షా వేదిక సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్సు సాఫ్టువేరుపై నిర్మించబడినది.

తెలుగు రాష్ట్రాలలో రెండు ప్రత్యేక సమస్యలు

పాఠశాల సంకేతం: యుడైస్ సంకేతంలో 11 అంకెలుంటాయి. మొదటి రెండు రాష్ట్రాన్ని, తరువాతి రెండు జిల్లాను, ఆ తరువాతి రెండు మండలాన్ని, తరువాతి మూడు గ్రామాన్ని, చివరి రెండు పాఠశాలను తెలుపుతాయి. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర సంకేతం 28. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత ఆ రాష్ట్రపు పాఠశాలలకు 36తో మొదలయ్యే సంకేతాలు వచ్చినవి. అనగా భవనం, ఉపాధ్యాయులు, పిల్లలు మారకపోయినా పాఠశాల సంఖ్య మారినది. పాత, కొత్త సంకేతాలను జతపరచే పట్టిక లేనిదే 2013 లెక్కలను 2015 లెక్కలతో పోల్చుట సాధ్యం కాదు. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31గా, 2019లో 33గా మారినవి. ఆంధ్ర ప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయినవి. సరిహద్దులు మారిన ప్రతిసారీ, సంకేతంలోని జిల్లా అంకెలను మార్చాలా, లేక తప్పుడు అర్థమిచ్చే పాత అంకెలనే ఉంచాలా అనే ప్రశ్న తలెత్తుతుంది. సిఫ్ అర్థం లేని సంఖ్యలను ఎంచుకొనుటకు కారణం ఇటువంటి చిక్కులే.

విద్యార్థి పేరు: తెలుగువారిలో ఇంటిపేరు ముందు, వ్యక్తిపేరు తరువాత వ్రాయుట సంప్రదాయం. చాలాచోట్ల ఇంటిపేరును ఒక పొడి అక్షరంగానే వ్రాస్తారు. పాశ్చాత్య దేశాల సాఫ్టువేర్లలో "మొదటి పేరు", "చివరి పేరు" అనే గళ్ళు ఉంటాయి. వాటిని వరుసగా నింపితే ఇంటిపేరు వ్యక్తిపేరు అవుతుంది. ఆంగ్ల లిపిలో వ్రాసినప్పుడు ఒకే తెలుగు పేరును పలు విధాలుగా వ్రాయవచ్చును. "లక్ష్మి" వంటి పేరుకే రెండు మూడు వర్ణక్రమాలు వాడుకలో ఉన్నవి. అందువలన అడ్మిషన్ రిజిస్టరులో ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా, పదవ తరగతి నామినల్ రోల్స్‌లో ఇంకొక విధంగా పేరు నమోదయ్యే అవకాశం ఉన్నది. అపార్ సంఖ్య ఇచ్చుటకు యుడైస్ ప్లస్‌లోని పేరు ఆధార్‌లోని పేరుతో సరిపోవాలి. సరిపోకపోతే దిద్దుబాటు కొరకు తల్లిదండ్రులు తిరగవలసి వస్తుంది. పదవ తరగతి ధ్రువపత్రంలోని పేరు, పుట్టిన తేది జీవితాంతం ఆధారంగా నిలుస్తాయి గనుక ఇది చిన్న విషయం కాదు.

యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్ళు కూడా ఇటువంటి అడ్డంకియే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగు లిపి 1991 నాటి మొదటి రూపాంతరం నుండి ఉన్నది. యూనికోడ్‌లో నమోదు చేసిన పేరును ఏ వ్యవస్థ అయినా చదువగలదు, వెదకగలదు, వరుసలో పెట్టగలదు.

ఇతర ప్రమాణాలు

విద్యారంగంలో సిఫ్‌తో పాటు మరికొన్ని ప్రమాణాలు వాడుకలో ఉన్నవి.

* స్కార్మ్: అమెరికా రక్షణ శాఖ ప్రోత్సాహంతో 2000లో వెలువడినది. ఇది విద్యార్థి వివరాలకు కాక, కంప్యూటరు పాఠాలను ఒక వేదిక నుండి మరొక వేదికకు మార్చుటకు ఉద్దేశించినది.
* ఎల్‌టిఐ: పాఠశాల వేదిక నుండి బయటి కంపెనీల బోధన పరికరాలను మళ్ళీ లాగిన్ కాకుండా తెరిచే వీలు కలిగిస్తుంది. దీని మొదటి రూపాంతరం 2010లో వచ్చినది. దీనిని రూపొందించిన ఐఎంఎస్ గ్లోబల్ 2022లో వన్ఎడ్‌టెక్ అని పేరు మార్చుకొన్నది.
* వన్‌రోస్టర్: తరగతుల వారీ విద్యార్థుల జాబితాలను పంపుటకు ఐఎంఎస్ గ్లోబల్ 2015లో తెచ్చిన ప్రమాణం. సిఎస్‌వి ఫైళ్ళతో కూడా పనిచేయుట వలన చిన్న కంపెనీలకు సులభమైనది.
* ఎడ్-ఫై: మైకేల్ అండ్ సూసన్ డెల్ ఫౌండేషన్ సహాయంతో ఏర్పడినది. వేర్వేరు చోట్ల నుండి వచ్చిన వివరాలను ఒకచోట చేర్చి విశ్లేషించుటకు వాడుతారు.
* సిఈడిఎస్: 2010లో అమెరికాలో వెలువడిన పదకోశం. ఇది సమాచారాన్ని పంపే పద్ధతి కాదు. ఏ పదానికి ఏ అర్థమో నిర్ణయించే పట్టిక.

పరిమితులు, విమర్శలు

సిఫ్ నియమాలు విస్తారమైనవి. చిన్న కంపెనీలకు, చిన్న జిల్లాలకు వాటిని అమలుచేయుట ఖర్చుతో కూడిన పని. ఏజెంట్లకు, సర్వరుకు వేరుగా డబ్బు చెల్లించవలసి వచ్చేది. వస్తువులలో చాలా గళ్ళు ఐచ్ఛికమైనవి కావున, రెండు సాఫ్టువేర్లు నియమాలను పాటిస్తున్నా, ఒకదానికి అవసరమైన గడిని మరొకటి నింపకపోవచ్చును. ప్రమాణాన్ని పాటించినంత మాత్రాన వివరాలు నిజమైనవని కూడా చెప్పలేము. గుమాస్తా తప్పుగా టైపు చేసిన పుట్టినతేది, పూర్వం ఒకచోట మాత్రమే తప్పుగా ఉండేది. అనుసంధానం తరువాత అదే తప్పు క్షణాలలో అన్ని విభాగాలకు చేరుతుంది. ప్రమాణాల సంఖ్య ఒకటికి మించుట వలన, ఒక ప్రమాణం నుండి మరొక ప్రమాణంలోకి మార్చే అవసరం కూడా ఏర్పడినది.

గోప్యత

సమాచారం సులభంగా ప్రయాణిస్తే, చేరకూడని చోటికి కూడా సులభంగానే చేరగలదు. పిల్లల ఆరోగ్యం, కుటుంబ ఆదాయం, క్రమశిక్షణ చర్యలు వంటి వివరాలు పాఠశాల దస్త్రాలలో ఉంటాయి. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం విద్యార్థి దస్త్రాలను చూసే హక్కును తల్లిదండ్రులకు, 18 ఏళ్ళు నిండిన తరువాత విద్యార్థికి ఇస్తున్నది. ఇతరులకు వెల్లడించుటపై హద్దులు విధిస్తున్నది.

ఇందుకు తరచుగా చెప్పే ఉదాహరణ ఇన్‌బ్లూమ్. గేట్స్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ నిధులతో, సుమారు 10 కోట్ల డాలర్ల వ్యయంతో ఏర్పడిన ఈ సంస్థ పలు రాష్ట్రాల విద్యార్థుల వివరాలను ఒకే ఉమ్మడి వ్యవస్థలో ఉంచదలచినది. 2013 ఫిబ్రవరిలో ఈ పేరుతో ప్రారంభమైనది. ఎవరు ఏ వివరాలు చూస్తారనే విషయంలో తల్లిదండ్రులు తీవ్రంగా అభ్యంతరం తెలుపగా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా వైదొలగినవి. 2014 ఏప్రిల్‌లో మూసివేత ప్రకటించబడినది. ఆ వ్యవస్థ సాంకేతికంగా విఫలమైనందువలన కాక, తల్లిదండ్రుల నమ్మకం పొందలేకపోవుట వలన ఆగిపోయినది. 2024 డిసెంబరులో పవర్‌స్కూల్ అనే ప్రముఖ పాఠశాల సాఫ్టువేరు నుండి విద్యార్థుల, ఉపాధ్యాయుల వివరాలు తస్కరించబడుట, ఒకేచోట చేరిన సమాచారానికి ఉండే ముప్పును మరల గుర్తుచేసినది.

సిఫ్‌లో ప్రతి ఏజెంటుకు వేర్వేరు అనుమతులు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. భోజనశాలకు ఆహారపు పథ్యం తెలియాలి గానీ మార్కులు తెలియనవసరం లేదు. బస్సు విభాగానికి చిరునామా కావాలి గానీ కుటుంబ ఆదాయం అక్కరలేదు. అయితే ఆ అనుమతులను సరిగా అమర్చుట పాఠశాల బాధ్యత. ప్రమాణం ఆ వీలును మాత్రమే కల్పిస్తుంది. భారతదేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం, 18 ఏళ్ళలోపు వారి వివరాలను వాడుటకు తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి ఉండాలని నిర్దేశించినది.

ఇవి కూడా చూడండి

* ఎక్స్ఎంఎల్
* యూనికోడ్
* ఓపెన్ సోర్సు సాఫ్టువేరు
* యుడైస్ ప్లస్
* దీక్షా